చెంపతో ఎంచిన ఉన్ని

ఖాలా వేళ్లకు స్పర్శ లేదని నాకు తెలుసు. ఈ మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. రోజూ రాసుకునే డైరీలో కూడా రాయలేదు. "సాయంత్రం ఖాలా దగ్గరికి వెళ్లాను, ఉన్ని ఏకాము" అని రాసి పేజీ తిప్పేసేదాన్ని.

ఇప్పుడు రాయడానికి కారణం ఒక వీడియో. మొన్న మా కంపెనీ బస్సు ఇస్నాపూర్ చౌరస్తా దగ్గర లారీల వెనక నిలిచిపోయినప్పుడు, పక్క సీటు అమ్మాయి ఫోన్ నా ముందు పెట్టి "ఈ ముసలామె మీ సంగారెడ్డే గదా?" అంది. చూస్తే ఖాలా. రేకుల షెడ్డు కింద పీట మీద కూర్చుని, గుప్పెడు ఉన్ని తీసి చెంపకు రాసుకుంటోంది. కళ్లు మూసుకుంది. తర్వాత పెదవులకు తాకించుకుంది. "ఇది నమ్దకు. వడకనీకె పనికి రాదు" అని పక్కకు విసిరింది. కింద ఎవరెవరో దండాలు పెట్టారు. వేళ్లతో కూడా కాదు, చెంపతోనే నాణ్యం చెప్పేస్తోందని, అనుభవమంటే ఇదేనని రాశారు. వీడియోలో ఒక మూల నా చున్నీ కొంగు కనిపిస్తోంది.

"నీకెర్కేనా?" అంది ఆ అమ్మాయి.

"మా వెనకింటామె" అన్నాను. ఆమె పోయి ఇంకా ఏడాది తిరగలేదని చెప్పలేదు. చెంపతో ఎందుకు చూసేదో అసలే చెప్పలేదు.

ఖాలా అంటే పిన్ని, మా వీధిలో అందరూ ఆమెను అలాగే పిలిచేవారు. ఆమె నమ్దాలు చేసేది. నమ్దా అంటే నేసే బట్ట కాదు. ఏకిన ఉన్నిని పొరలు పొరలుగా పరిచి, వేడి సబ్బునీళ్లు చల్లి, చాపలో చుట్టి తొక్కుతూ పోతే, వెంట్రుకలు ఒకదాన్నొకటి పట్టుకుని దళసరిగా గట్టిపడతాయి. ఆఖరున టబ్బులో వేడినీళ్లు పోసి, దాంట్లో నిలబడి మళ్లీ తొక్కాలి. పూర్వం వాళ్లింట్లో గుర్రపు జీనుల కింద వేసేవి చేసేవారట. ఇప్పుడు గుర్రాలు లేవు కాబట్టి మనుషులకు చేస్తున్నానని నవ్వేది. కాజీపల్లి మందుల కంపెనీల్లో షిఫ్టంతా సిమెంటు గచ్చు మీద నిలబడేవాళ్లు సేఫ్టీ బూట్ల లోపల వేసుకోవడానికి ఆమె దగ్గర ఉన్ని అడుగులు కొనుక్కునేవారు. చెమట పీలుస్తాయి, మడమ నొప్పి తగ్గుతుంది. అంచు కుట్టే దారం కూడా ఖాలాయే తకిలి మీద వడికేది.

అందుకే ఆమెకు ఎప్పుడూ రెండు రకాల ఉన్ని కావాలి. దారానికి పొడుగ్గా, నున్నగా ఉండి లాగినకొద్దీ తెగకుండా వచ్చేది. నమ్దాకు పొట్టిగా, మెత్తగా, వంకీలు తిరిగి ఉండేది. గొర్రెపిల్లకు మొదటిసారి కత్తిరించినదైతే మరీ మంచిది. రెండూ ఒకే మంద నుంచి, ఒక్కోసారి ఒకే గొర్రె మీది నుంచి వస్తాయి. భుజం దగ్గరిది వేరు, తొడ దగ్గరిది వేరు. వాటిని విడదీయడమే అసలు పని, తొక్కడం కాళ్లున్న ఎవరైనా తొక్కుతారు అనేది ఖాలా.

జోగిపేట వైపు నుంచి మల్లయ్య ఉన్ని మూటలు తెచ్చేవాడు. మూట విప్పగానే యుద్ధం మొదలు.

"ఏంది మల్లయ్యా, ఇది గొర్రెదా, చీపురుదా?"

"గొర్రెదే ఖాలా! నా కండ్ల ముంగటనే కత్తిరించిండ్రు."

"గొర్రె ఏడ్సిందా?"

"గొర్రె ఎందుకేడుస్తది?"

"ఇన్ని దినాలు గింత ఖరాబ్ బొచ్చు మోసినందుకు."

మల్లయ్య నా వైపు చూసి, "నువ్వన్న చెప్పు బిడ్డా" అనేవాడు. నేను తల దించుకునేదాన్ని. "దాన్నేం అడుగుతవ్, అది మా గూంగీ" అనేది ఖాలా. గూంగీ అంటే మూగపిల్ల. చిన్నప్పటి నుంచి నలుగురిలో నాకు నోరు పెగలదు. బడిలో ఆ మాట ఎవరైనా అంటే ఏడ్చేదాన్ని. ఖాలా అంటే మాత్రం ఏదో బిరుదు ఇచ్చినట్టు ఉండేది.

మనుషులను కూడా ఆమె ఉన్నిలాగే ఎంచేది. "మీ అమ్మ వడకనీకె మంచిది, ఎంత గుంజినా తెగకుంట వస్తది. మా బిడ్డ మేకబొచ్చు, దేంట్ల కలపదు. నువ్వు నమ్దవు. తడిస్తెనే గట్టిపడ్తవ్." ఇంకొకరి మీద చెప్పేటప్పుడు వక్క నములుతూ, గొంతు తగ్గించి, ఎదుటివాళ్లు వింటున్నారో లేదో చూసుకుని మరీ చెప్పేది. వినకపోతే కాస్త గొంతు పెంచేది.

నేను పటాన్‌చెరులో ఫిల్టర్ సంచులు కుట్టే కంపెనీలో, స్టోర్‌లో పని చేస్తాను. ఫ్యాక్టరీల దుమ్ము పట్టే ఆ సంచుల బట్టను కూడా ఫెల్ట్ అనే అంటారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో గర్వంగా ఒక ముక్క తెచ్చి చూపించాను. ఖాలా దాన్ని అటూ ఇటూ తిప్పి, ఒక పోగు పీకి అగ్గిపుల్ల అంటించింది. అది కాలలేదు, ముడుచుకుని నల్లటి పూసలా కరిగి జారింది. తర్వాత మల్లయ్య ఉన్నిలో నాలుగు వెంట్రుకలు తీసి అంటించింది. చిటపటమని మండి, వెంట్రుక కాలిన కంపు కొట్టి బూడిదైంది.

"ఇది గొర్రె. అది బిస్లేరి సీసా" అంది. "సీసాను ఎంత తొక్కినా ఒకదాన్నొకటి పట్టుకోదు. మీ మిషన్లు సూదులు గుచ్చి గుచ్చి పట్టిస్తయి. పాపం."

ఆ రోజుల్లో ఆమె వేళ్లతోనే చూసేది. బొటనవేలు, చూపుడువేలు మధ్య ఒక పాయ పట్టి, చెవి దగ్గర పెట్టి లాగి వదిలేది. ఖణేల్‌మంటే గట్టి ఉన్ని, చిటచిటమంటే ఆ గొర్రెకు జబ్బు చేసి తేరుకున్నట్టు లెక్క. ఆ తర్వాతి ఎండాకాలంలో ఎప్పుడో చెంపకు పెట్టుకోవడం మొదలైంది. నేను కూడా అందరిలాగే అదేదో ఇంకా పై మెట్టు విద్య అనుకున్నాను.

ఒక సాయంత్రం ఇద్దరం తెల్ల ఉన్నిలోంచి పల్లేరు ముళ్లు ఏరుతున్నాం. ఖాలా మల్లయ్య పెద్దకొడుకు పెళ్లిలో బిర్యానీ ఎలా మాడిందో చెబుతోంది. చెబుతున్నంతసేపూ చేతులు ఆగడం లేదు. ఉన్ని మీద ఎర్రగా ఏదో అంటుకుంటోంది. మొదట అది గొర్రెలకు పూసే రంగేమో అనుకున్నాను.

"ఖాలా, రక్తం."

చూసుకుంది. చూపుడువేలి కొసలో ముల్లు నిలువునా దిగి ఉంది. పీకి పారేసి కొంగుకు తుడుచుకుంది. "గొర్రెది" అంది.

నేను నవ్వలేదు. ఆమె నా ముఖం చూసి, చుట్టూ ఎవరూ లేకపోయినా గొంతు తగ్గించింది. "షుగరు. వేళ్లు మొద్దువడ్డయి. కాళ్లు గూడ. చెప్పులు లేకున్న చెప్పులు తొడుక్కున్నట్టే ఉంటది."

"ఎప్పట్సంది?"

"ఏమో. దొంగ లెక్క మెల్లగ పోయింది."

"ఆపాకు చెప్పినవా?"

ఆపా, అంటే అక్క, అని నేను పిలిచేది ఆమె ఒక్కగానొక్క కూతురిని. జోగిపేటలో టీచరు. వీలున్న ఆదివారాల్లో మందులు, పళ్లు పట్టుకుని వచ్చేది.

"పాగల్‌వా ఏంది? దానికి ఎర్కయితే రేప్పొద్దుగాల ఆటో తెస్తది. ఈ షెడ్డుకు తాళం వేసి, నన్ను తీస్కపోయి టీవీ ముంగట కూసోబెడ్తది. మంచిదే పాపం, ప్రేమతోనే కూసోబెడ్తది. కూసొని నేనేం చెయ్యాలె?" ముల్లు గుచ్చుకున్న వేలిని నోట్లో పెట్టుకుని తీసింది. "నువ్వు మాట్లాడవు గదా గూంగీ. గందుకే నిన్ను రానిచ్చిన."

చెప్పనన్నాను. ఆ క్షణంలో నాకు భయం వేయాల్సింది. వేయలేదు. పుస్తకాలు తప్ప వేరే స్నేహం లేనిదాన్ని, ఒక మనిషికి నేను కావాల్సి వచ్చిందని ఒళ్లంతా వెచ్చబడింది. నన్ను ఇప్పటికీ కొరికేది ఆ వెచ్చదనమే.

ఆ తర్వాత ఆమె వేళ్లు నేనయ్యాను. మెత్తదనం చెంపకు తెలుస్తుంది కానీ, వడికేటప్పుడు పోగు సన్నబడుతోందో లేదో చెంప చెప్పలేదు. చూపు కూడా అంతంతే. తకిలి తిరుగుతుండగా పోగు తెగేలా ఉంటే నేను గొంతులో "ఊఁ" అనేదాన్ని. వెంటనే ఆమె ఇంకాస్త ఉన్ని వదిలేది. కొత్తగా చూసేవాళ్లకు నేనేదో కథకు ఊకొడుతున్నట్టు ఉండేది. నీళ్లు చూసే పని కూడా నాదే. బగోనెలో కాగిన నీళ్లు టబ్బులో పోసి, చన్నీళ్లు కలిపి, మోచేయి ముంచి చూసేదాన్ని. ఖాలా చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని, ఒక కాలు గాల్లో ఉంచి అడిగేది.

"నీళ్లు సూసినవా?"

"చూసిన ఖాలా."

అప్పుడు కాలు దించేది. ప్రతిసారీ అడిగేది. నేను చేయి ముంచడం కళ్లారా చూసినా అడిగేది.

తెల్లాపూర్ నుంచి ఒక మేడం తన స్నేహితులతో కారులో వచ్చింది ఆ రోజుల్లోనే. పెద్ద అపార్టుమెంట్లలో ఉండే ఆడవాళ్లు. సరదాగా ఉన్ని వడకడం, నమ్దా చేయడం నేర్చుకుంటున్నారు. ఏ ఉన్ని దేనికి ఎంచుకోవాలో తెలియడం లేదని, ఫోన్లు పట్టుకుని ఖాలా చుట్టూ చాపల మీద కూర్చున్నారు. మంచివాళ్లు. నాకు కూడా బిస్కెట్లు పెట్టారు. ఖాలా ఆ రోజు ఇస్త్రీ చీర కట్టుకుని, కళ్లకు సుర్మా పెట్టుకుని పీట మీద మహారాణిలా కూర్చుంది.

"చెంపతోనే ఎందుకమ్మా? మేం వేళ్లతో చూస్తే తెలియదా?" అని అడిగింది మేడం.

ఖాలా క్షణం కూడా తడుముకోలేదు. "వేళ్లు పని చేసి చేసి అబద్ధాలు నేర్చుకుంటయి మేడం. చెంప ఏం పని చెయ్యదు. గందుకే నిజం చెప్తది."

వాళ్లంతా "ఆహా" అన్నారు. ఒకామె రాసుకుంది. ఖాలా కొంగు సర్దుకుంటూ ఓరగా నా వైపు చూసి కన్ను కొట్టింది. వాళ్ల కారు సందు తిరిగిందో లేదో ఇద్దరం ఉన్ని మూటల మీద పడి, కడుపు పట్టుకుని నవ్వాం. నేను అంత గట్టిగా ఎప్పుడూ నవ్వలేదు. మా అమ్మ గోడ మీంచి తొంగిచూసి "ఏమైందే?" అని కంగారుపడింది. పక్క సీటు అమ్మాయి నాకు చూపించిన వీడియో ఆ రోజుదే.

వెళ్లేముందు మేడం, గది మొత్తం పరిచేంత పెద్ద నమ్దా ఒకటి చేసి ఇమ్మని అడిగింది. అంత పెద్దది ఖాలా తన తండ్రి చేయగా చూసిందట కానీ, ఎప్పుడూ చేయలేదు. ఇక ఆమెకు వేరే ధ్యాస లేదు. మల్లయ్యను గొర్రెపిల్లల ఉన్ని కోసం ఊళ్లు తిప్పింది. నల్లటి నేల, అంచు చుట్టూ తెల్లని తీగ. నిద్రలో కూడా పరుస్తున్నానని చెప్పేది. "ఇది అయిపోనీ గూంగీ. ఇదొక్కటి అయితే, ఆపా వచ్చి తాళం వేస్కున్నా ఏమనను."

టబ్బులో ఒకేసారి పట్టదు కాబట్టి, దాన్ని భాగం భాగంగా తొక్కాల్సి వచ్చింది. ఒక రోజు మా కంపెనీలో తనిఖీ ఉందని స్టోర్‌లో అందరినీ ఆలస్యంగా వదిలారు. నేను రాలేనని ఖాలాకు కబురు చేయలేదు. నేను లేకుండా ఆమె టబ్బులో దిగదని అనుకున్నాను. ఆమె దిగింది.

మర్నాడు సాయంత్రం వెళ్లేసరికి పీట మీద కూర్చుని, ఒక పాదానికి నమ్దా ముక్క చుట్టుకుని ఉంది. "ఏం గాలే. జెర తొక్కిన" అంది. విప్పి చూశాను. అరికాలి చర్మం తెల్లగా ఉబ్బి, నీళ్లలో నానిన రొట్టెలా వదులైంది. ఖాలా మాత్రం ఇంకెవరి కాలో చూస్తున్నట్టు వంగి చూసింది. "నొప్పిస్తలేదు సూడు" అంది, అది మంచి విషయమైనట్టు.

"దవాఖానకు పోదాం ఖాలా."

"పోతె వాళ్లు ఆపాకు ఫోన్ చేస్తరు. అంచు ఒక్కటే మిగిలింది. అయినంక నేనే చెప్త. అల్లా మీద ఒట్టు."

మెడికల్ షాపులో కాలిన గాయాల మందు తెచ్చి రాశాను. రోజూ కడిగి, రాసి, కట్టు కట్టేదాన్ని. ఆమె పీట మీద కూర్చునే అంచుకు ఉన్ని ఎంచి ఇచ్చేది, నేను పరిచి తొక్కేదాన్ని. గాయం మారుతున్న రంగు నాకు కనిపించింది. మానుతోందని చెప్పుకున్నాను. డైరీలో "నమ్దా చాలా బాగా వస్తోంది" అని రాశాను. అది నిజమే. నా జీవితంలో అంత అందమైన పని మళ్లీ చేస్తానో లేదో తెలియదు.

ఆదివారం ఆపా వచ్చింది. గుమ్మంలో చెప్పులు విడుస్తూనే ముక్కు ఎగబీల్చి, "ఏంది అమ్మీ ఈ వాసన?" అంది. తడి ఉన్ని వాసన అని ఖాలా బొంకింది. ఆపా కట్టు విప్పింది. అరవలేదు. ఆటో పిలవమని మాత్రం నాకు చెప్పింది, అదీ చాలా మెల్లగా.

ఆస్పత్రిలో డాక్టరు దగ్గర ఒక చిన్న పుల్ల ఉంది. దాని కొసకు నైలాను పోగు. కళ్లు మూసుకోమని, పోగు తగిలినప్పుడల్లా "అవును" అనమని ఖాలాకు చెప్పాడు. "స్పర్శ ఎప్పటి నుంచి లేదు?" అని ఆపాను అడిగాడు.

"స్పర్శకేంది సార్? మా అమ్మ కండ్లు మూసుకొని ఏ ఉన్ని ఏ గొర్రెదో చెప్తది" అంది ఆపా. ఆ మాటలో ఎంత గర్వముందో.

డాక్టరు పోగును మంచి పాదం మడమకు ఆనించాడు. పోగు వంగింది. ఖాలా ఏమీ అనలేదు. బొటనవేలికి ఆనించాడు. వంగింది. అప్పుడు ఖాలా, కళ్లు మూసుకునే, ముఖం నా వైపు తిప్పింది. చెవి కాస్త ముందుకు పెట్టింది. తకిలి తిప్పేటప్పుడు ఎలా పెట్టేదో అలాగే. నా "ఊఁ" కోసం చూస్తోంది.

నేను అనలేదు. పోగు చేతివేళ్లకు వచ్చింది. ఒక్కో వేలి కొస మీద అది వంగడం, లేవడం చూస్తూ నిలబడ్డాను. ఖాలా చాలాసేపు చెవి అలాగే ఉంచి, చివరకు కళ్లు తెరిచింది.

"ఇన్ని దినాల్ల ఎవ్వరికి తెల్వలేదా?" అంది ఆపా. డాక్టరును అడిగినట్టు మొదలుపెట్టి, చివరికి నా ముఖం మీద ఆగింది. నోరు తెరిస్తే ఆ పూటే అంతా బయటికి వచ్చేది.

"ఎవ్వరికి తెల్వది" అంది ఖాలా. "గూంగీకి గూడ తెల్వది. నేనే దాసిపెట్టిన."

ఆపా తల ఊపింది. నా భుజం మీద చేయి వేసి, "నువ్వే లేకుంటే ఈమెను సూసుకునేటోళ్లు లేకుండె" అంది. ఆ చేయి బరువు ఇప్పటికీ అక్కడే ఉంది.

కొన్ని కాలివేళ్లు తీసేశారు. తర్వాత ఆపా ఆమెను జోగిపేట తీసుకుపోయింది. షెడ్డుకు తాళం పడింది. పూర్తికాని నమ్దాను చుట్టి మా ఇంట్లో పెట్టుకున్నాను. అంచు తీగ ఒక మూల వరకు రాలేదు. మేడం ఫోన్ చేసి, అలాగే ఇచ్చినా పర్వాలేదంది. ఇవ్వలేకపోయాను. చివరికి ఖాలా పోయింది కాలి వల్ల కాదని, గుండె ఆగిందని ఆపా చెప్పింది. నేను అడగకుండానే చెప్పింది. నన్ను తేలిక చేయడానికి చెప్పిందో, తనను తాను తేలిక చేసుకోవడానికి చెప్పిందో తెలియదు.

ఆమె పోవడానికి ముందు ఒక్కసారే జోగిపేట వెళ్లాను. మల్లయ్య దగ్గర రెండు గుప్పిళ్ల ఉన్ని అడిగి తీసుకెళ్లాను, దారానికి ఒకటి, నమ్దాకు ఒకటి. ఖాలా మంచం మీద దిండ్లకు ఆనుకుని ఉంది. ఎదురుగా టీవీ నడుస్తోంది. ఉన్ని చేతిలో పెడితే కాసేపు పట్టుకుంది. చెంప దాకా తీసుకెళ్లలేదు. నన్ను గుర్తుపట్టిందో లేదో కూడా అర్థం కాలేదు.

ఇంతలో ఆపా పాదాలు కడగడానికి పళ్లెంలో గోరువెచ్చని నీళ్లు తెచ్చి మంచం పక్కన కింద పెట్టింది. ఖాలా మంచం అంచుకు జరిగి, పట్టీ లేని పాదాన్ని పళ్లెం మీదికి తెచ్చింది. నీళ్లలో దించలేదు, గాల్లో ఆపింది.

"దించు అమ్మీ, నేను సూసిన. మంచిగనే ఉన్నయి."

కాలు కదలలేదు. ఖాలా మెల్లగా తల తిప్పి, గోడ పక్కన నిలబడ్డ నన్ను వెతికి పట్టుకుంది. ఆపా కూడా తిరిగి నన్ను చూసింది. మొదట అర్థం కానట్టు చూసింది, ఆ తర్వాత అలా చూడలేదు. నేను మోకాళ్ల మీద కూర్చుని చున్నీ వెనక్కి వేసుకున్నాను. ఆపా చూస్తుండగానే, అలవాటుగా, మోచేయి నీళ్లలో ముంచాను.

ముంచడం కళ్లారా చూసి కూడా అడిగింది. నాతో ఆమె అన్న ఆఖరి మాట అదే.

"నీళ్లు సూసినవా, గూంగీ?"